తెర ముచ్చట్లు: ఇంకో సీరియల్‌కు చోటుందా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, మురళీనగర్. రొయ్యలు శుద్ధి చేసే కంపెనీలో పనికి వెళ్లే ఇద్దరు తోడికోడళ్ల కథ నోటుపుస్తకంలో రాసుకున్నాను. టీవీ సీరియల్‌గా బాగుంటుందని నా నమ్మకం. ఇంట్లో చెబితే మా అబ్బాయి ‘ఉన్నవి చాలవా అమ్మా, ఇంకొకటా?’ అని నవ్వాడు. మీరు చాలా ఏళ్లు సీరియళ్లకు మాటలు రాశారు కనుక అడుగుతున్నాను. నిజంగానే చోటు లేదంటారా? కథను నేరుగా చానల్‌కు పంపవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ అబ్బాయి నవ్వులో న్యాయం లేకపోలేదమ్మా. సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఒక చానల్‌కు ఎనిమిది అరగంటలు. ఈటీవీ, జెమిని, స్టార్ మా, జీ తెలుగు నాలుగూ కలిపితే 32. వార్తలకూ ఆటపాటలకూ పోయినవి తీసేస్తే మిగిలినవి చాలావరకు సీరియళ్లవే. ఎవరో దిగితే తప్ప ఈ బస్సులో సీటు దొరకదు. అయితే దించేయడం మాత్రం తరచుగా జరుగుతుంది. గురువారం రేటింగులు వస్తాయి. వరుసగా నాలుగు గురువారాలు అంకె పడిపోయిందంటే ఏడున్నర కథ మధ్యాహ్నానికి జరుగుతుంది. ఆపైన ఒక శనివారం, ఏళ్ల తరబడి విడిపోయి ఉన్న మొగుడూ పెళ్లాలు ఉన్నట్టుండి కలిసిపోతారు, శుభం కార్డు పడుతుంది. నేను రాసినదొకటి అలాగే పోయింది. పన్నెండు ఎపిసోడ్లలో విప్పాల్సిన ముడిని రెండింటిలో తెంపేయమన్నారు. తెంపేశాను. డబ్బు మాత్రం సరిగానే ఇచ్చారు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మేము అక్కయ్యపాలెంలో ఉండేవాళ్లం. కరెంటు లేదు, ఫోన్లు లేవు. పాల ప్యాకెట్ కోసం ఒక వరుస, నీళ్ల ట్యాంకరు దగ్గర ఇంకో వరుస. మూడో రోజు సాయంత్రం ఏడింటికి మా అపార్టుమెంటు ఆడవాళ్లమంతా మెట్ల మీద కొవ్వొత్తి పెట్టుకుని కూర్చున్నాం. కూలిన చెట్ల కబుర్లు అయిపోయాక ఒకావిడ ఉండబట్టలేక అడిగింది: ‘ఇంతకీ ఆ పిల్ల మెడలో తాళి పడి ఉంటుందంటారా?’ ఇంకేముంది, తలా ఒకరు కథ అందుకున్నారు. మూడో అంతస్తు ఆవిడ కథానాయికను తెచ్చి మా వీధి చివరి పాల వరుసలో నిలబెట్టింది. తన ముందున్న ముసలావిడకు ప్యాకెట్ అందలేదని ఈ పిల్ల తనది ఇచ్చేసిందట. తీరా చూస్తే ఆ ముసలావిడ, చిన్నప్పుడు ఈ పిల్లను ఇంట్లోంచి గెంటేసిన మేనత్తే! స్టీల్‌ప్లాంటు ఉద్యోగి భార్య ఒకావిడ, ‘పెళ్లికొడుకు డ్యూటీకి వెళ్లి గాలివానలో లోపలే చిక్కుకుపోయాడు’ అంది. ఎవరూ నవ్వలేదు. ఆవిడ భర్త తుఫాను రాత్రి నిజంగానే ప్లాంటులో ఉండిపోయి, మర్నాడు సాయంత్రానికి ఎవరి బండి మీదో ఇల్లు చేరాడు.

కరెంటు వచ్చాక టీవీ పెడితే తాళి ఇంకా పెళ్లికొడుకు చేతిలోనే ఉంది.

ఆ రాత్రి మెట్ల మీద చెప్పుకున్న కథలాంటిది తెర మీద నాకు ఇంతవరకు కనబడలేదు. మీకు చోటు అక్కడుంది. సీరియల్ ఇంట్లో ఎవరికీ డ్యూటీ ఉండదు. మగవాళ్లు పొద్దున్నే కోటు తొడుక్కుని హాల్లో నిలబడతారు, మధ్యాహ్నానికీ అక్కడే ఉంటారు. మన ఊళ్లో ఎన్నో ఇళ్లలో వంట కూడా షిఫ్టును బట్టే. రెండింటికి వెళ్లి పదింటికి వచ్చే బి షిఫ్టు మనిషి ఉన్న ఇంట్లో రాత్రి భోజనం, పోట్లాట, పిల్లల ఫీజుల మాట అన్నీ పదిన్నర తర్వాతే. మీ తోడికోడళ్లు ఐసులో నానిన వేళ్లతో ఇంటికొచ్చి పిండి కలుపుతారు కదా, అది ఎవరు చూపించారు? ‘కార్తీకదీపం’ 2017లో మొదలై 2023 దాకా నడిచింది. మలయాళం నుంచి తెచ్చుకున్న కథే. అందులో ఆమె పేరు దీప. జనం నోట మాత్రం వంటలక్క అయింది. పనిని బట్టి పిలుచుకున్నారు. దాన్ని చూసి చానళ్లు నేర్చుకున్నది మాత్రం వేరు: నాయికను ఇంకాస్త ఎక్కువ ఏడిపించాలని. నాకు ఇప్పటికీ కోపమే.

మాటల సంగతి కూడా చెప్పాలి. సీరియల్లో చెప్పిందే చెబుతారని అందరూ ఎగతాళి చేస్తారు. అవి కూర తాలింపు పెడుతూ వినేవాళ్ల కోసం రాసిన మాటలు. ఇంగ్లీషులో సీరియల్‌కు సోప్ అన్న పేరు 1930లలో అమెరికా రేడియో నాటకాలకు సబ్బుల కంపెనీలు డబ్బు పెట్టడంతో వచ్చింది. పుట్టుకే చెవి కోసం. తెరలో బొమ్మ వచ్చి ఇన్నేళ్లయినా, వంటింట్లో ఉన్న మనిషికి సీరియల్ ఇప్పటికీ రేడియోనే.

చానల్‌కు పోస్టులో పంపకండి, విప్పి చూసేవాళ్లు ఉండరు. కథలు ఎక్కువగా నిర్మాణ సంస్థల ద్వారానే వెళతాయి. ముందు రచయితల సంఘంలో నమోదు చేయించుకుని, ఆ తర్వాతే ఎవరికైనా చూపించండి. షూటింగులు చాలావరకు హైదరాబాదులో సెట్ల మీదే జరుగుతాయి కాబట్టి హార్బరు సీన్లు తగ్గించి, కంపెనీ వ్యానులోవీ బట్టలు మార్చుకునే గదిలోవీ పెంచండి. ఆ రెండింటికీ ఖర్చు తక్కువ, పైగా ఆడవాళ్లు అసలు మాటలు మాట్లాడుకునేది అక్కడే.

ఇవన్నీ తర్వాత. ఈ వారం మొదటి రెండు ఎపిసోడ్లు రాసి, పక్కింటావిడ కత్తిపీట ముందు కూర్చున్నప్పుడు పైకి చదవండి. ఆవిడ మొహం చూడకండి, మొహమాటానికి బాగుందనే అంటుంది. చెయ్యి చూడండి. వంకాయ మీద చెయ్యి ఎక్కడ ఆగిందో ఆ వాక్యం పక్కన పెన్సిలుతో గీత పెట్టుకోండి.