చిన్న పిల్లలకి ద్రావణం, మిశ్రమం తేడా ఎలా చెప్పాలి?

ముందు ఒక మాట, "ద్రావణం వేరు, మిశ్రమం వేరు" అని మాత్రం చెప్పకండి, ద్రావణం కూడా మిశ్రమమే, కాకపోతే అంతా ఒకేలా కలిసిపోయింది, దాన్నే సజాతీయ మిశ్రమం అంటారు.

ఐదో క్లాస్ పిల్లలకైతే డెఫినిషన్ బట్టీ పట్టించే బదులు మూడు గ్లాసుల నీళ్ళు పెట్టి ఒకదాంట్లో ఉప్పు, ఇంకోదాంట్లో ఇసుక, మూడోదాంట్లో రెండు చుక్కల పాలు కలిపి కాసేపు వదిలేయండి. ఇసుక అడుక్కి దిగిపోద్ది, ఉప్పు కనపడదు. "ఉప్పు ఎటు పోయింది?" అని అడిగితే సగం మంది మాయమైపోయింది అంటారు, అసలు పాఠం అక్కడే మొదలు. గుడ్డలో వడకడితే ఇసుక ఆగుద్ది ఉప్పు ఆగదు, కానీ ఆ నీళ్ళు పళ్ళెంలో పోసి ఎండలో పెడితే నీళ్ళు ఆవిరై ఉప్పు మళ్ళీ మిగులుద్ది, చినగంజాం ఉప్పు మడుల్లో జరిగేదీ ఇదే కదా.

పాల గ్లాసుకి చీకట్లో పక్కనుంచి టార్చి వేయండి, వెలుగు దారి కనిపిస్తుంది, అంటే పాలలోని సన్నటి కణాలు కరిగిపోకుండా నీళ్ళలో ఉన్నాయన్నమాట, ఉప్పు నీళ్ళలో అలా కనపడదు (దీన్ని టిండాల్ ప్రభావం అంటారు, ఈ వయసుకి పేరు అక్కర్లేదు).

తర్వాత చెంచాలు లెక్కపెడుతూ ఉప్పు వేయించండి. మామూలు గది వేడిలో 100 మి.లీ. నీళ్ళలో సుమారు 36 గ్రాములే కరుగుద్ది, చక్కెర అయితే దాదాపు 200 గ్రాములు! వేడి చేస్తే చక్కెర ఇంకా చాలా కరుగుద్ది, ఉప్పుకి పెద్దగా తేడా రాదు. గులాబ్ జామున్ పాకం సంగతి ఇక్కడ చెప్తే క్లాసంతా లేచి కూర్చుంటుంది.