విజయనగరంలో కుక్కపిల్లకి ట్రైనింగ్, ఊరెళ్తే ఎవరి దగ్గర వదలాలి? మా చోడి అనుభవం

మూడు నెలల ల్యాబ్రడార్ పిల్ల, ఇద్దరూ ఉద్యోగాలు, ఇల్లంతా పోసేస్తోంది, చెప్పులు మిగలట్లేదు, ట్రైనర్‌ని పెట్టాలా, దసరాకి నాలుగు రోజులు ఊరెళ్తే ఎక్కడ వదలాలి అని అడిగారు కదా. మాదీ విజయనగరమే, మా చోడికి ఇప్పుడు ఆరేళ్ళు. చోడి అంబలి, అంటే రాగి అంబలి రంగులో ఉందని మా అమ్మ పెట్టిన పేరది, నేను బ్రౌనీ అందామనుకున్నాను గానీ ఎవరూ వినలేదు.

ట్రైనర్‌ని మేమూ పెట్టాం. "ఏటిరా, కుక్కకి బడేటి, డబ్బులెక్కువైపోనాయా" అని అమ్మ అంటూనే ఉంది. ఆయన పొద్దున్నే వచ్చి మెళ్ళో ఇనప గొలుసు వేసి కూర్చోకపోతే ఒక్క లాగు లాగేవాడు, అది కీచుమని కూర్చునేది. పది రోజులకి ఆయన ముందు సిట్టూ స్టేయూ షేక్‌హ్యాండూ అన్నీ చేసేది, ఆయన గేటు దాటగానే మమ్మల్ని పూచికపుల్లలా తీసిపారేసేది. తర్వాత ఆయన బండి చప్పుడికే మంచం కిందకి దూరిపోవడం మొదలెట్టింది, అప్పుడు మాన్పించేశాం.

అసలు తప్పు మాలోనే ఉందని లేటుగా తెలిసింది. నేను సిట్ అనేవాణ్ణి, మా ఆవిడ కూర్చో అనేది, అమ్మ కూకో అనేది, మావోడు డౌన్ డౌన్ అని అరిచేవాడు. ఒక్క పనికి నాలుగు మాటలు, పాపం అదేం చేస్తుంది. ఒక రాత్రి అన్నాల దగ్గర కూర్చుని నాలుగు మాటలు ఖాయం చేసుకున్నాం: కూకో, రా, ఆగు, ఒగ్గీ (అంటే వదిలెయ్). అమ్మ మాట ఎలాగూ మారదు కాబట్టి మేమే మారాం.

వీటిలో మీకు ముందు కావాల్సింది ఒగ్గీ. చెప్పు నోట్లో ఉన్నప్పుడు లాక్కోకండి, లాక్కుంటే దానికి అదో ఆట. ఉడకబెట్టిన చికెన్ లివర్‌ని శనగగింజంత ముక్కలు చేసి ఒకటి ముక్కు దగ్గర పెట్టండి, వాసనకి నోరు తెరుస్తుంది, చెప్పు కింద పడిన ఆ క్షణంలోనే ఒగ్గీ అని ముక్క పెట్టేయండి. ఆలస్యం చేస్తే దేనికి పెట్టారో దానికి తెలీదు, అందుకే మధ్యాహ్నం పోసినదానికి సాయంత్రం ఆఫీసు నుంచొచ్చి తిట్టినా లాభం లేదు. లివర్ మరీ గుప్పెళ్ళకొద్దీ పెట్టకండి, విరేచనాలు పట్టుకుంటాయి. ఐదేసి నిమిషాలు రోజుకి మూడుసార్లు చాలు. ఒకసారి అయ్యకోనేరు గట్టు మీద నడుస్తుంటే ఎవరో పారేసిన బిర్యానీ పొట్లంలో కోడి ఎముకలు నోట పెట్టుకుంది, ఉడికిన ఎముక చీలికలై పేగుల్లో గుచ్చుకుంటుంది కదా, నాకు చెమటలు పట్టేశాయి, ఒగ్గీ అంటే ఒగ్గేసింది.

పోయడం గురించైతే, ఆ వయసు పిల్ల మూడు నాలుగు గంటలకి మించి ఆపుకోలేదు. నిద్ర లేవగానే, తిన్న కాసేపటికి, ఆడించాక బయటికి తీసుకెళ్ళాలి, మధ్యాహ్నం మీలో ఒకరైనా ఇంటికి రావాలి లేదా పక్కింటివాళ్ళకి తాళం ఇవ్వాలి. దీనికి వేరే దారి నాకైతే కనపడలేదు.

ఇక వదలడం. రెండేళ్ళ కిందట మా చెల్లి పెళ్ళికి ఐదు రోజులు ఒక బోర్డింగ్‌లో పెట్టాం, పేరు చెప్పను. ఫోటోల్లో ఏసీ గది, పచ్చగడ్డి. వెళ్ళినప్పుడు లోపలికి రానివ్వలేదు, కొత్త మనుషుల్ని చూస్తే కుక్కలు అరుస్తాయండీ అన్నారు, నేనూ పెళ్ళి హడావిడిలో సరే అనేశాను. టీకాల కార్డు అడగలేదు, ఏం తింటుందో అడగలేదు, డబ్బులు మాత్రం ముందే తీసుకున్నారు. తెచ్చుకున్నాక స్నానం చేయిస్తుంటే వేళ్ళ సందుల్లో బూడిదరంగు గింజల్లా గోమార్లు (రక్తం పీల్చే పురుగులు, టిక్స్ అంటారు), చెవి మడిచి చూస్తే లోపల వరసగా అతుక్కుని ఉన్నాయి. పది రోజులకి తిండి మానేసింది, చిగుళ్ళు తెల్లగా పాలిపోయాయి, రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు పడిపోయాయి, గోమార్ల వల్ల వచ్చే టిక్ ఫీవర్ అన్నారు. నాలుగు వారాలు డాక్సీసైక్లిన్ వేశాం. అక్కడే అంటుకుందని కోర్టులో నిరూపించలేను గానీ నాకు అనుమానమేం లేదు.

అప్పట్నుంచీ నేను చూసేది ఒక్కటే, వాళ్ళు మనల్ని ఎన్ని ప్రశ్నలు అడుగుతున్నారు అని. ఇప్పుడు వదిలే ఆవిడ మొదటిరోజే రేబిస్ ఎప్పుడు వేయించారు, గోమార్ల మందు ఎప్పుడు వేశారు, ఉరుములకి భయపడుతుందా, ఒంటికి బాగోకపోతే ఏ డాక్టర్‌కి ఫోన్ చేయాలి అని అరగంట అడిగింది, నేనే విసుక్కున్నాను. టీకాల కార్డు లేని కుక్కని ఆవిడ గేటు లోపలికి రానివ్వదు. కుక్కలు పడుకునే చోటు చూపించమనండి, చూపించకపోతే వెనక్కొచ్చేయండి.

డాక్టర్ విషయంలో కూడా, మందుల షాపతను సూది వేసేస్తానంటే ఒప్పుకోకండి, బీవీఎస్సీ చదివి వెటర్నరీ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయినవాళ్ళే వైద్యం చేయాలి. టౌన్లో ప్రభుత్వ పశువుల ఆసుపత్రి ఉంది, మన గరివిడిలో వెటర్నరీ కాలేజీయే ఉంది. మూడు నెలలు నిండాయి కాబట్టి రేబిస్ టీకా ఇప్పుడే వేయించాలి, ఆ తర్వాత ఏటా. జులై 6న జూనోసిస్ డే (జంతువుల నుంచి మనుషులకి సోకే జబ్బుల దినం) అని ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా కూడా వేస్తారు, కానీ దానికోసం ఆగకండి. పార్వో (పిల్లల ప్రాణం తీసే విరేచనాల వైరస్) టీకాల కోర్సు పూర్తయ్యేదాకా వీధి కుక్కలు తిరిగే చోట నేల మీద దించకండి, అలాగని ఇంట్లో మూసేయకండి. మేమైతే ఒళ్ళో పెట్టుకుని స్కూటీ మీద మూడు లాంతర్ల జంక్షన్ దాకా తిప్పి హారన్లు, జనం అలవాటు చేశాం, అందుకే పైడితల్లమ్మ సిరిమాను పండగ రోజు టపాసులకి కూడా అది ఓ మూల పడుకుని ఊరుకుంటుంది.

దసరాకి ఇంకా టైముంది కాబట్టి ఎవర్ని అనుకున్నా ముందు ఒక ఆదివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా వదిలి చూడండి. తెచ్చుకున్నాక చెవులు, వేళ్ళ సందులు చూసుకోండి, తర్వాతి ఆదివారం మళ్ళీ ఆ గేటు దగ్గరికి తీసుకెళ్ళి అది లోపలికి పరిగెడుతుందా మీ కాళ్ళ వెనక్కి వస్తుందా చూడండి.