తాళంచెవి ముగ్గురి దగ్గర ఉంటే...

ప్రశ్న: అమ్మగారూ, విశాఖ కేజీహెచ్ ఆసుపత్రి దగ్గర్లో మాకో రక్తపరీక్షల ల్యాబ్ ఉంది. ఎనిమిదేళ్ల రిపోర్టులు కంప్యూటర్‌లో ఉన్నాయి. అందులో హెచ్‌ఐవీ పరీక్షలవీ ఉన్నాయి, బయటికి పొక్కితే సంసారాలు కూలిపోయేవీ ఉన్నాయి. అన్నీ ఎన్‌క్రిప్ట్ చేయించాం, అంటే కీ లేనిదే ఎవరూ చదవలేని రూపంలోకి మార్పించాం గానీ ఆ కీ మా కంప్యూటర్ అబ్బాయి ఒక్కడికే తెలుసు. వచ్చే నెల అతను హైదరాబాద్ వెళ్లిపోతున్నాడు. కీని నాకు సగం, మా మరిదికి సగం రాసిచ్చి వెళ్తానంటున్నాడు. అలా చేయొచ్చా? ఒకరి సగం పోతే మా గతేంటి?
– ఒక పాఠకురాలు, మహారాణిపేట

జవాబు: సగానికి కోసి పంచుకోవడం మాత్రం వద్దమ్మా. మీ బీరువా నంబరు 7294 అనుకోండి. మీకు 72, మీ మరిదికి 94 ఇచ్చారు. ఏమీ తెలియని దొంగ పదివేల నంబర్లు తిప్పి చూడాలి. మీ మరిది చీటీ చూసినవాడికి వంద చాలు.

ఇంకోలా చేద్దాం. లాటరీ తీసినట్టు ఏదో ఒక నంబరు తీయండి. 3851 వచ్చింది, అది మీకు. మీ మరిదికి 4443. రెండింటినీ అంకెకు అంకె కలపండి, పది దాటితే ఒకట్ల స్థానం మాత్రం ఉంచుకోండి. 7294 వస్తుంది. ఇప్పుడు 4443 ఎవరి చేతికి చిక్కినా వాడు మళ్లీ ఆ పదివేలూ తిప్పాల్సిందే.

నేను పనిచేసిన బ్యాంకులో క్యాష్ సేఫ్‌కి రెండు తాళంచెవులు ఉండేవి, క్యాషియర్ దగ్గరొకటి, ఆఫీసర్ దగ్గరొకటి. జాయింట్ కస్టడీ అనేవాళ్లం. ఏటీఎంల విభాగానికి మారాక అదే పద్ధతి కంప్యూటర్ కీలకూ చూశాను. ముగ్గురం, మూడు సీలు కవర్లు. ఒకరు తన 32 అక్షరాలు కొడుతుంటే మిగతా ఇద్దరం గోడవైపు తిరిగి నిలబడేవాళ్లం. కొట్టింది సరిగ్గా ఉందో లేదో తెలిపేందుకు మెషీన్ చూపించే చిన్న కోడ్, చెక్ వాల్యూ అంటారు, కవరు మీద రాసినదానితో సరిపోతేనే రెండోవారి వంతు.

ఆ కూడిక పద్ధతిలో ఒక ముక్క పోతే అంతా పోయినట్టే. మీ భయం అదే కదా. దానికి 1979లో ఆది షమీర్ అనే గణితవేత్త దారి చూపించాడు. రెండు చుక్కలుంటే వాటి గుండా ఒకే ఒక సరళరేఖ పోతుందని బళ్లో చదువుకున్నాం, గుర్తుందా? రహస్యం 12 అనుకోండి. అక్కణ్ణుంచి మెట్టుకు 5 చొప్పున ఎక్కితే మొదటి మెట్టు 17, రెండోది 22, మూడోది 27. మూడూ మూడు కవర్లలో పెట్టండి. రెండో కవరు పోయిందా, ఫరవాలేదు. 17కీ 27కీ తేడా 10, మధ్య రెండు మెట్లు, అంటే మెట్టుకు 5. ఒక మెట్టు వెనక్కి దిగితే 12. ఒక్క 27 మాత్రమే ఉన్నవాడికి ఆ గీత ఎంత వాలుగా వచ్చిందో తెలియదు. అసలు ప్రోగ్రాముల్లో లెక్కను గడియారం ముల్లులా చుట్టూ తిప్పుతారు కాబట్టి చిన్న ఆనవాలు కూడా మిగలదు. నాకు ఈ లెక్క మీద ఇప్పటికీ మోజే.

మీకు ‘ముగ్గురిలో ఇద్దరు’ సరిపోతుంది. మీరు, మీ మరిది, మూడోది విశాఖ బయట నమ్మకమైనవాళ్ల దగ్గర. హుద్‌హుద్ వచ్చిన 2014 అక్టోబరు 12 మీకూ గుర్తుండే ఉంటుంది. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. మూడు కవర్లూ ఈ ఊళ్లోనే ఉంటే ఒకే తుపానుకు మూడూ తడుస్తాయి. చీటీని ఫోన్‌లో ఫొటో తీయొద్దు, వాట్సాప్‌లో పంపొద్దు.

కాగితం సంగతి కూడా చూసుకోండి. ఒకసారి మా రిహార్సల్‌లో ఒక కవరు విప్పితే తెల్లకాగితం కనబడింది. ఏటీఎం రసీదులాంటి థర్మల్ కాగితం మీద ముద్రించారు, అక్షరాలు వెలిసిపోయాయి. ఆ రోజు నా చేతులు వణికాయి. అప్పట్నుంచి బాల్‌పెన్‌తో రాయించి, ఆరు నెలలకోసారి కవర్లు విప్పి, కలిపి చూసి, కొత్త కవర్లలో పెట్టి సీలు వేయించేదాన్ని. మీరూ అలాగే చేయండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది మీ ఉత్తరంలోనే ఉంది. ఆ అబ్బాయికి కీ మొత్తం తెలుసు. తెలిసిన కీని ఎన్ని ముక్కలు చేస్తే ఏం లాభం? అతణ్ణి అనుమానించమని కాదు. అతను ఉండగానే కొత్త కీ పుట్టించి, రిపోర్టులన్నీ దానితో మళ్లీ ఎన్‌క్రిప్ట్ చేయించండి. పాత కీతో తెరుచుకునే బ్యాకప్ హార్డ్‌డిస్కులు ఉంటే చెరిపించండి. ముక్కలు చేసే ప్రోగ్రాము సొంతంగా రాయించుకోవద్దు, వాల్ట్ అనే సాఫ్ట్‌వేర్ లాంటివి తయారుగా ఉన్నాయి. వాల్ట్ మామూలుగా ఐదు ముక్కలు చేసి మూడు అడుగుతుంది, మూడుకు రెండుగా మార్చుకోవచ్చు.

ముక్కలు కలిపిన క్షణంలో కీ మొత్తం ఆ కంప్యూటర్‌లో ఉంటుంది, అప్పుడు దాంట్లో వైరస్ ఉంటే మన శ్రమంతా వృథా. అందుకని ల్యాబ్‌లో రోజూ వాడే కీ వేరుగా ఉంచి, దానికి తాళం వేసే పెద్ద కీని మాత్రమే ముక్కలు చేయించండి. ఇద్దరూ కూర్చుని కవర్లు విప్పే పని ఏడాదికి రెండు మూడుసార్లకు మించకూడదు.

హెచ్‌ఐవీ రిపోర్టుల రక్షణకు 2017 నాటి చట్టమే ఉంది. 2023 డేటా చట్టంలో జరిమానా 250 కోట్ల దాకా ఉంది. కానీ మిమ్మల్ని నమ్మి చెయ్యి చాపి రక్తమిచ్చిన మనిషి ముఖం తలుచుకోండి, చట్టం తర్వాత.

ప్రశ్న: మా అపార్టుమెంటు సంఘం కోశాధికారిని. అద్దెకున్నవాళ్ల ఆధార్ కాపీలు నా ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి. నేనూ కీ ముక్కలు చేయాలా?
– ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ

జవాబు: మీకు అంత అవసరం లేదు బాబూ. ఖాళీ చేసి వెళ్లిపోయినవాళ్ల కాపీలు ఈ రోజే చెరిపేయండి. ఉన్నవాళ్ల దగ్గర చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ తీసుకుని పాతవి కూడా తీసేయండి. రీసైకిల్ బిన్ ఖాళీ చేయడం మరవద్దు.