రోళ్లు పగిలే ఎండ ఎవరి పుణ్యం?

ప్రశ్న: భూమి వేడెక్కడానికి మనుషులే కారణమని సైన్సు తేల్చేసింది కదా, జనంలో ఈ వాదన ఇంకా ఎందుకు తెగడం లేదు? మీ ఇంట్లో, మీ ఊళ్లో నమ్మనివాళ్లు ఉన్నారా?

ఉన్నాడండీ. మా మామ. అమ్మకి తోడబుట్టినవాడు. కొండపి దగ్గర ఒక పల్లెలో ముప్పై ఏళ్లకు పైగా పొగాకు పండించాడు, ఆకు కాల్చి ఎండబెట్టే కొట్లు, మేం బ్యారన్లంటాం, రెండు నడిపాడు. నాది నెల్లూరులో ఏసీలు బిగించే పని, బాగుచేసే పని. ఎండలు ముదిరితే నా గల్లా పెట్టె నిండుద్ది. తర్వాత ఎవరూ ఎత్తిపొడవకుండా ఆ ముక్క ముందే చెప్పేస్తున్నా.

2015 మే నెల మీకు గుర్తుండే ఉంటుంది. వడదెబ్బకి ఒక్క మన రాష్ట్రంలోనే వెయ్యి మందికి పైగా పోయారు, అందులో మా ప్రకాశం జిల్లా ముందు వరసలో ఉంది. టీవీలో మాత్రం రోజూ "భానుడి భగభగ". జనం చచ్చిపోతుంటే ప్రాస కోసం వెతుక్కునేవాళ్లని ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియదు. అమ్మ ఫోన్ చేసి, అమ్మమ్మ అన్నం మానేసింది, ఏదో ఒకటి చెయ్యరా అంది. షాపులో సెకండ్ హ్యాండ్ కిటికీ ఏసీ ఒకటి పడి ఉంటే బాగుచేసి, టాటా ఏస్‌లో వేసుకుని పోయాను. సింగరాయకొండ దాకా హైవే, అక్కణ్ణుంచి లోపలికి. అద్దం దించితే మొహం కాలిపోతోంది, ఎత్తితే ఊపిరాడటం లేదు.

సాయంత్రానికి బిగించాను. స్టెబిలైజర్ ముల్లు నూట అరవై ఓల్టులు దాటదు. కంప్రెసర్ గుర్రుమంటుంది, అందుకోదు, ఆగిపోతుంది. అమ్మమ్మ మంచం మీద పడుకుని ఆ గుర్రు విని, "వస్తందా అబ్బాయ్ చలి?" అని మూడుసార్లు అడిగింది. తొమ్మిదింటికి ఆ ఉన్న కరెంటూ పోయింది. అందరం డాబా ఎక్కాం. స్లాబు మీద నాలుగు బిందెల నీళ్లు కుమ్మరిస్తే ఆవిరి మొహానికి కొట్టింది. ఈ డాబా ఇల్లు 1998లో కట్టారు, అంతకుముందు అక్కడ మట్టి మిద్దె ఉండేది. దాంట్లో మే నెలలో కూడా మధ్యాహ్నం దుప్పటి కప్పుకుని పడుకున్నవాళ్లం. దాన్ని పడగొట్టి ఈ పొయ్యి కట్టుకున్నారు. వేరే కథలెండి అది, మొదలుపెడితే ఆగను.

మామ ఆ రోజు పొగాకు వేలం కేంద్రం నుంచి మంచి కోపంగా వచ్చాడు. ఆ ఏడు ధర పడిపోయింది. ఆయన బేళ్లలో సగం, కొనేవాడు లేక నో బిడ్డు అయి ట్రాక్టర్ మీద వెనక్కొచ్చేశాయి. నేనేమో బుద్ధి లేక, నులక మంచం మీద కూర్చుని, "ఈ ఎండలు మనం చేసుకున్నవే మామా, బొగ్గూ పెట్రోలూ తగలబెట్టి" అన్నాను.

"ఏందిరా, ఎండల్ని కొత్తగా కనిపెట్టారా మీ సైంటిస్టులు? రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మా తాత చెప్పేవోడు. ఆయన పొయ్యేనాటికి ఊళ్లో మోటారు సైకిల్ గూడా లేదు. మరి ఆ రోళ్లు ఎవురు పగలగొట్టారు?"

మా మామ కొడుకు అప్పటికి ఒంగోలులో బీటెక్ చదువుతున్నాడు. వాడు ఇంకో రాయి వేశాడు: "2035కల్లా హిమాలయాల మంచంతా కరిగిపోద్దని ఐక్యరాజ్య సమితి వాళ్లు రాసి, 2010లో తప్పని ఒప్పుకోలా బావా?" అది నిజమే. వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్య సమితి పెట్టిన శాస్త్రవేత్తల సంఘం ఐపీసీసీ, దాని 2007 నివేదికలో ఆ తప్పు దొర్లింది, మన దేశంలోనే దాని మీద పెద్ద రచ్చ అయింది, చివరికి వాళ్లు ఒప్పుకున్నారు కూడా. అయితే అప్పుల చిట్టాలో ఒక పద్దు తప్పు రాసినంత మాత్రాన అప్పే లేదంటే షావుకారు ఊరుకుంటాడా? వాడి పుస్తకంలో ఆ ఒక్క పేజీ చించేసినా మిగతా లెక్క అట్టనే ఉంది కదా. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే భూమి ఎంత వేడెక్కుతుందని స్వీడన్‌లో అర్హీనియస్ అనే ఆయన లెక్క కట్టింది 1896లో. అప్పటికి మా మామ తాతకి కూడా మీసం వచ్చి ఉండదు.

"రోళ్లు అప్పుడూ పగిలినయ్ మామా. ఇప్పుడు రాత్రిళ్లు గూడా పగులుతున్నయ్. తొమ్మిదిన్నర అయింది, చెయ్యి పెట్టి చూడు గోడ మీద" అన్నాను.

నాకు బాగా నచ్చిన సాక్ష్యం ఈ రాత్రిళ్లదే. సూర్యుడే ఎక్కువ కాస్తున్నాడనుకోండి, పగటి వేడి ముందు పెరగాలి. లోకం మొత్తం మీద చూస్తే పగళ్ల కన్నా రాత్రిళ్లే ఎక్కువ వేడెక్కాయి. ఇంకోటి. సూర్యుడి వల్లే అయితే ఆకాశంలో పైపొరలు కూడా కాగాలి, అవేమో చల్లబడుతున్నాయి. ఈ కార్బన్ డయాక్సైడ్ భూమికి దుప్పటి లాంటిది. దుప్పటి కప్పుకున్నవాడికి లోపల ఉడుకు, దుప్పటి బయట చలి, అంతే. 1970ల చివరి నుంచి ఉపగ్రహాలు సూర్యుణ్ణి కొలుస్తూనే ఉన్నాయి, ఆయన పెరిగిందేమీ లేదు. ఇదంతా మామకి చెప్పాను. ఆయన బీడీ ముట్టించుకుని, "ఎంత పెరిగిందంటావ్ మొత్తం?" అన్నాడు.

"ఒక డిగ్రీ."

"ఒక డిగ్రీ! ఒక డిగ్రీకా ఈ ఏడుపంతా?"

అప్పుడు నాకు బ్యారన్ గుర్తొచ్చింది.

నాకు పదకొండేళ్లప్పుడు సంక్రాంతి సెలవుల్లో మామ నన్ను బ్యారన్ దగ్గర కాపలా కూర్చోబెట్టాడు. ఆకు కర్రలకి కట్టి లోపల అటకల మీద వేలాడదీశాక, మొదట తొంభై, నూరు ఫారెన్‌హీట్ దగ్గర పెట్టి ఆకుని పసుపెక్కనివ్వాలి. తర్వాత మెల్లమెల్లగా పెంచుకుంటూ పోయి, ఈనె ఎండేటప్పటికి నూట అరవై దాకా తేవాలి. నా పని థర్మామీటర్ చూడటం, అంతే. వేడి ఎక్కితే మామని లేపాలి. పొయ్యి పక్కన వెచ్చగా ఉంటే నిద్రపోకుండా ఎవడుంటాడు? తెల్లారి చూస్తే ఆకు పసుపెక్కకుండానే ఎండిపోయి, పచ్చగా గడ్డిలాగా ఉంది. మంట మరీ ఏమీ రేగలేదు, నాలుగు డిగ్రీలు ముందే తొందరపడింది. మామ నన్ను కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేది. వారం రోజులు మాట్లాడలేదు.

అదే గుర్తు చేశాను. "ఆరోజు నాలుగు డిగ్రీలకి బ్యారనంతా పోయిందని వారం మాట్లాడలా నువ్వు నాతో. భూమికి డిగ్రీ అంటే ఏందో నీకు చెప్పాలా? ఇంకోటి. ఆకు చేతిలోకి తీసుకుని నల్లరేగడిదో, తేలిక నేలదో చెప్తావు గదా. గాలిలో కార్బన్‌ని గూడా అట్టనే చూస్తారు. నేల కింద కోట్ల ఏళ్లు ఉన్న బొగ్గులో కార్బన్-14 అనే రకం కార్బన్ మిగలదు. ఆ బొగ్గు పొగ కలిసి గాలిలో దాని పాలు పల్చబడతా వచ్చింది. అంటే ఈ ఆకు ఎవరి చేలోదో తెలిసిపోయినట్టే గదా మామా."

మామ చాలాసేపు మాట్లాడలేదు. గెలిచాననుకున్నా. అమ్మమ్మకి విసనకర్రతో విసురుతున్న అత్త కూడా చెయ్యి ఆపింది.

"సరే" అన్నాడు. "నువ్వు చెప్పేది నిజమే అనుకుందాం. నన్నేం చెయ్యమంటావ్? బ్యారన్ కింద కట్టెలు తియ్యమంటావా? మోటారు కట్టెయ్యమంటావా? నీ అమెరికావోడు ఇంటికి మూడు కార్లేసుకుని తిరిగి, ఇప్పుడు వచ్చి నా పొయ్యిలో నీళ్లు పొయ్యమంటే పొయ్యాలా?"

ఆయన జేబులోంచి ఒక పేపర్ ముక్క తీసి బీటెక్ వాడికిచ్చి సెల్ లైటులో చదవమన్నాడు. ఆ మార్చిలో పార్లమెంటు కమిటీకి అధ్యక్షుడిగా ఉన్న ఒక ఎంపీ, పొగాకు వల్ల కేన్సర్ వస్తుందని మన దేశంలో చేసిన అధ్యయనం ఏదీ లేదన్నాడు, ఆ వార్త. సిగరెట్ పెట్టె మీద పుండ్ల బొమ్మ పెద్దది చెయ్యాలని అప్పట్లో గొడవ నడుస్తోంది. ఆ బొమ్మ పెద్దదైతే తన బేళ్లు ఇంకా నో బిడ్డు అవుతాయని మామ భయం. అందుకే రెండు నెలల నుంచి ఆ ముక్క జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు. మా తాత గొంతు కేన్సర్‌తో పోయాడు. ఆ సంగతి ఆ డాబా మీద అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తలేదు.

ఈ ప్రశ్నకి నా జవాబు ఆ పేపర్ ముక్కే. సైన్సు అర్థం కాక నమ్మనివాణ్ణి నేను ఇంతవరకు ఒక్కణ్ణి కూడా చూడలేదు. నమ్మితే బిల్లు ఎవరి పేర రాస్తారోనని నమ్మరు. తర్వాత తెలిసిందేమిటంటే ఈ రెండు కథలూ నిజంగానే ఒక్క పొయ్యిలో కాలినవి. 1969లో అమెరికాలో ఒక సిగరెట్ కంపెనీ లోపలి కాగితంలో "సందేహమే మా సరుకు" అని రాసుకున్నారు. ఫ్రెడరిక్ సైట్జ్ అని పెద్ద భౌతిక శాస్త్రవేత్త, అమెరికా జాతీయ సైన్స్ అకాడమీకి అధ్యక్షుడిగా చేసినవాడు, 1979 నుంచి ఇంకో సిగరెట్ కంపెనీకి సలహాదారు. 1984లో ఆయనే ఇంకొందరితో కలిసి మార్షల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టాడు. భూమి వేడెక్కడం మనుషుల వల్ల కాదని వాదించడంలో తర్వాత అది ముందుంది. చమురు కంపెనీ ఎక్సాన్‌లో సొంత శాస్త్రవేత్తలు 1980ల మొదట్లోనే ఇప్పటి వేడిని దాదాపు సరిగ్గా లెక్కకట్టి పెట్టారు. బయట మాత్రం ఇంకా తేలలేదన్నారు. వాళ్లకి కావలసింది జనం నమ్మకపోవడం కాదు, ఏదీ తేల్చుకోకపోవడం. మా మామ వాళ్ల పేర్లు వినలేదు. వాళ్ల సరుకు మాత్రం కొన్నాడు.

అట్లాగని మామ మాటలో పస లేదనను. సగటున ఒక అమెరికా మనిషి ఏడాదికి వదిలేది సుమారు 14 టన్నుల కార్బన్ డయాక్సైడ్, మన మనిషి వదిలేది 2. మన పర్యావరణవేత్తలు అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ 1991లోనే ఈ లెక్క మీద గట్టిగా కొట్లాడారు, బతకడానికి వదిలేదీ విలాసానికి వదిలేదీ ఒకటి కాదని. పాపం మనుషులదే, కానీ అందరు మనుషులదీ సమానం కాదు. మన టీవీ చర్చల్లో ఈ రెండు ముక్కలూ ఒక నోటి నుంచి రాగా నేను వినలేదు. ఒకాయన అంతా అబద్ధం అంటాడు, ఒకావిడ మొక్క నాటమంటుంది. నాటిన మొక్కకి రెండో రోజు నీళ్లు పోసినవాణ్ణి చూపిస్తే వాడి ఏసీకి సర్వీసింగ్ ఫ్రీ.

నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. నా షాపుకి కరెంటు ఎక్కణ్ణుంచి వస్తుంది? కృష్ణపట్నం పక్కన నేలటూరులో 800 మెగావాట్ల యూనిట్లు బొగ్గు మీదే నడుస్తున్నాయి, వాటి పొగగొట్టాలు ముత్తుకూరు రోడ్డు మీద పోతుంటే కనపడతాయి. అది చాలదని ఏసీలో గ్యాస్ ఒకటి. పాత ఏసీల్లో ఉండే ఆర్-22 ఒక కిలో గాలిలో కలిస్తే, వందేళ్ల లెక్కలో దాదాపు 1,800 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినంత. పద్ధతి ప్రకారం దాన్ని మెషిన్‌తో సిలిండర్‌లోకి లాగాలి. నాతో సహా నేనెరిగిన మెకానిక్కులందరం ఏళ్ల తరబడి చేసిందేమిటంటే, వాల్వు తిప్పి ఉస్సుమని గాలికి వదిలెయ్యడమే. మెషిన్ కొనాలంటే డబ్బు, లాగాలంటే టైము. కస్టమరేమో కింద నిలబడి ఎంతసేపని అరుస్తుంటాడు, ఆయనకి పద్దెనిమిది డిగ్రీలు కావాలి, మళ్లీ దుప్పటి కూడా కావాలి. ఆ లెక్క తెలిసిన రోజు నాకు మొదట వచ్చిన ఆలోచన, "ఇదంతా పెద్ద కంపెనీలు ఆడే నాటకం అయ్యుంటుందిలే" అని. మామ గొంతే.

ఆ రాత్రి వాదన ఎలా తెగిందంటే, తెగలేదు. రెండు గంటలప్పుడు కరెంటు వచ్చింది. అర్ధరాత్రి కదా, వాడకం తక్కువ, ఓల్టేజీ నిలబడింది. కింద గదిలో ఏసీ అందుకున్న చప్పుడు డాబా మీదకి వినిపించింది. మామ మొట్టమొదట లేచి, అమ్మమ్మని చేతుల మీద ఎత్తుకుని మెట్లు దిగాడు. వెనకే అందరం. పదడుగుల గదిలో ఏడుగురం, చాపల మీద అడ్డదిడ్డంగా. మామ బీడీ ఆర్పేసి ఏసీకి ఎదురుగా కూర్చుని, చాలాసేపటికి, "దీని వేడంతా యాడికి పోద్దిరా?" అన్నాడు. కిటికీ అవతల పశువుల కొట్టం ఉంది. చెప్పాను. లేచి వెళ్లి గేదెని ఇవతలకి మార్చి కట్టి వచ్చాడు.

అమ్మమ్మ ఆ ఎండాకాలం గట్టెక్కింది, ఆ తర్వాత రెండేళ్లు ఉంది. మామ పొగాకు మానేసి జామాయిల్ వేశాడు, సైన్సు కోసం కాదు, ధర కోసం. ఇప్పుడు ఎండలు మనుషుల వల్లే పెరిగాయని ఆయనే అందరికీ చెప్తున్నాడు. ఏ మనుషులు మామా అంటే, సముద్రం వైపు రొయ్యల గుంటలోళ్లు, రాత్రింబగళ్లు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు తిప్పి తిప్పి చేశారంటాడు. పోయిన వేసవి ఫోన్ చేశాడు. ఏసీ గాలి వస్తోంది గానీ చల్లగా రావట్లేదట.

"గ్యాస్ పోయింది మామా."

"పోయి యాడికి పోద్ది?"

"గాలిలోకి."

కాసేపు ఏమీ అనలేదు. "సరే, వచ్చేటప్పుడు ఇంకో సిలిండర్ పట్రా" అన్నాడు.