25,000 రూపాయలలో గేమింగ్ కంప్యూటర్‌కు ముందు ఏది మార్చాలి? ఎస్ఎంపీఎస్ సంగతి ఎవరూ ఎందుకు అడగరు?

ప్రశ్న: విజయనగరంలో ఉంటాను. రైజెన్ 5 2600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు, 8 జీబీ ర్యామ్ ఒక్కటి, జీటీఎక్స్ 1050 టీఐ కార్డు, 1080పీ మానిటర్ ఉన్నాయి. చేతిలో 25,000 రూపాయలున్నాయి. ప్రాసెసర్ మార్చాలా, గ్రాఫిక్స్ కార్డు మార్చాలా?

జవాబు: మీరు రాసిన జాబితాలో ఎస్ఎంపీఎస్, అంటే ఇంటి కరెంటును కంప్యూటర్ భాగాలకు తగినట్టు మార్చి అందించే పెట్టె, దాని ఊసే లేదు. ముందుగా సమాధానాలు ఇచ్చినవారిలో ఒక్కరైనా దాని గురించి అడగలేదు. అందుకే ఇది రాస్తున్నాను. అది క్యాబినెట్‌తో పాటు వచ్చినదైతే, మీ డబ్బులో మొదటి 4,000, 5,000 దాని మీదే పెట్టండి. ప్రాసెసరా, కార్డా అన్నది ఆ తరువాతి మాట.

ఇన్నాళ్లూ బాగానే నడిచింది కదా అని మీకు అనిపించవచ్చు. ఎందుకు నడవదు? 1050 టీఐ తినేది 75 వాట్లు. ఆ కరెంటును మదర్‌బోర్డు స్లాటు నుంచే తీసుకుంటుంది, చాలా మోడళ్లకు విడిగా కేబుల్ కూడా అక్కర్లేదు. అంటే మీ ఎస్ఎంపీఎస్‌కు ఇప్పటిదాకా అసలైన బరువే పడలేదు. అది పడేది కొత్త కార్డు పెట్టిన రోజున.

నరసన్నపేటలో మా మేనల్లుడికి సరిగ్గా ఇదే జరిగింది. డిగ్రీ చదువుతున్నాడు. ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బుతో వాడిన ఆర్ఎక్స్ 580 కార్డు ఒకటి తెప్పించుకున్నాడు. ఆ కార్డుకు ఎనిమిది పిన్నుల కేబుల్ కావాలి. వాడి ఎస్ఎంపీఎస్‌లో ఆ కేబులే లేదు. దుకాణంలో ఒక కన్వర్టర్ ఇచ్చి, పాత నాలుగు పిన్నుల వైరుకు తగిలించుకోమన్నారు. తగిలించుకున్నాడు. గేమ్ తెరిస్తే మెనూ వరకు అంతా బాగుంటుంది, ఆట మొదలుపెట్టిన కాసేపటికి తెర నల్లబడి కంప్యూటర్ దానంతటదే మళ్ళీ మొదలవుతుంది. దుకాణంవారు విండోస్ మళ్ళీ వేశారు, డబ్బు తీసుకున్నారు. తరువాత ర్యామ్ పోయిందన్నారు. ఆ తరువాత కార్డే చెడిపోయిందన్నారు. పిల్లవాడు అన్నం కూడా సరిగ్గా తినడం లేదని మా అక్క ఫోన్ చేసింది.

నేను వెళ్ళి క్యాబినెట్ పక్క తలుపు విప్పి, ఫోన్ లైటు వేసి ఎస్ఎంపీఎస్ మీది స్టిక్కర్ చదివాను. "మామయ్యా, దాని మీద 450 వాట్లు అని ఉంది. కార్డుకు కావలసింది 185. ఇంకా బోలెడు మిగలాలి కదా" అన్నాడు. లెక్క తప్పని అనలేం. కానీ చూడవలసింది ఆ పెద్ద అంకె కాదు, కింద చిన్న అక్షరాలలో ఉండే 12 వోల్టుల గడి. అందులో 16 ఆంపియర్లు అని ఉంది. 12ను 16తో గుణిస్తే 192 వాట్లు. ఇప్పటి కంప్యూటర్లలో కార్డూ ప్రాసెసరూ బతికేది ఈ 12 వోల్టుల మీదే. మిగిలిన అంకె 5 వోల్టులు, 3.3 వోల్టుల గడులను కలిపి పెంచి చూపినది. కార్డు ఒక్కటే 185 తీసుకుంటే ప్రాసెసర్‌కు మిగిలేది ఏమిటి? కన్వర్టర్ పీకి చూస్తే, పసుపు వైరు మొదట్లో ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగి, కమిలిన వాసన వస్తోంది. ఇంకొన్నాళ్లు అలాగే ఆడితే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ నాకు కోపం వస్తుంది. ఆ కన్వర్టర్ అమ్మిన చేతులకు ఈ గుణకారం తెలియదా? పేరున్న కంపెనీ 550 వాట్ల ఎస్ఎంపీఎస్ పెట్టాం. కార్డు చెడిపోలేదు, ర్యామ్ పోలేదు, విండోస్‌కూ ఏమీ కాలేదు.

80 ప్లస్ ముద్ర చూసి కొనమని అందరూ చెబుతారు. ఆ ముద్ర చెప్పేది కరెంటును ఎంత పొదుపుగా వాడుతుందో మాత్రమే. లోపలి రక్షణల గురించి అది ఏమీ చెప్పదు. 12 వోల్టుల గడి, వారంటీ సంవత్సరాలు, ఇన్‌పుట్ వోల్టేజి చూడండి. కొన్ని మంచివి 100 నుంచి 240 వోల్టుల దాకా దేనికైనా సర్దుకుంటాయి. వేసవి సాయంత్రం వీధిలో ఏసీలన్నీ ఒక్కసారి మొదలై మన ఇంటి ఫ్యాను నీరసంగా తిరిగే వేళ ఆ తేడా తెలుస్తుంది.

యూట్యూబులో సలహాలు చెప్పేవారికి ఈ బాధ తెలియదు. ఢిల్లీ నెహ్రూ ప్లేస్, సికింద్రాబాద్ సీటీసీ లాంటి పెద్ద కంప్యూటర్ బజార్ల ధరలు చెప్పి, గాజు తలుపు క్యాబినెట్‌లో రంగుల లైట్లు వెలిగించి ముగిస్తారు. మన దగ్గర చైత్ర వైశాఖాలలో ఉరుములు మొదలైతే కరెంటు పోవడం, రావడం, మళ్ళీ పోవడం మామూలే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం పల్లెలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. ఇలాంటి చోట కంప్యూటర్ కొనేవారికి ఇచ్చే సలహాలో యూపీఎస్ మాట లేకపోతే అది సగం సలహానే. 600 వీఏ యూపీఎస్ సాధారణంగా 360 వాట్లు మోస్తుంది. గేమ్ సేవ్ చేసి కంప్యూటర్ ఆపడానికి అది చాలు.

ఎర్తింగ్ కూడా చూసుకోండి. క్యాబినెట్ ఇనుప భాగాన్ని తాకితే చెయ్యి జివ్వుమంటోందా? ప్లగ్గులో మూడో పిన్నుకు ఎర్త్ అందడం లేదన్నమాట. పాత ఇళ్లలో ఇది చాలా ఎక్కువ. ఉప్పు, బొగ్గు వేసిన గుంత ఉంటే ఎండాకాలంలో నీళ్లు పోయండి, లేకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

ఇక మీరు అడిగినదానికి వస్తాను. గ్రాఫిక్స్ కార్డే మార్చండి. 1080పీకి ఆర్ఎక్స్ 6600 చాలు. 8 జీబీ మెమొరీ, 132 వాట్లు, ఒక్క ఎనిమిది పిన్నుల కేబుల్. ధర 20,000 అటూ ఇటూ ఉంటుంది, ఎస్ఎంపీఎస్‌తో కలిపితే మీ బడ్జెట్ సరిపోతుంది. చవకగా వస్తోందని ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ కార్డు వైపు మాత్రం పోకండి. కార్డుకూ బోర్డుకూ మధ్య డేటా నడిచే పీసీఐఈ దారుల్లో అది నాలుగే వాడుకుంటుంది. మీ బీ450 బోర్డుది పాత తరం పీసీఐఈ 3.0 కాబట్టి ఆ నాలుగూ ఇరుకై వేగం పడిపోతుంది. పైగా ఆట రికార్డు చేసుకోవడానికి కావలసిన ఎన్‌కోడర్ కూడా అందులో లేదు.

ఒక్క ర్యామ్‌తో నడపడం ఆ ప్రాసెసర్‌కు అన్యాయం. రెండోది పెడితే 16 జీబీ అవడమే కాదు, రెండు చానళ్లూ పనిచేస్తాయి, అంటే ప్రాసెసర్‌కు డేటా ఒకేసారి రెండు దారుల్లో అందుతుంది. అయితే 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. పాత 1050 టీఐ అమ్మగా వచ్చిన డబ్బుతో, ఉన్నదానికి జోడైన వాడిన ర్యామ్ వెతకండి. బయోస్‌లో, అంటే మదర్‌బోర్డును నడిపే లోపలి ప్రోగ్రాంలో, ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే ఎక్స్ఎంపీ మీట వేయకపోతే 3200 అని రాసి ఉన్న ర్యామ్ కూడా తక్కువ వేగంతోనే నడుస్తుంది, ఆ మీట మరచిపోకండి.

ప్రాసెసర్‌కు తొందరేమీ లేదు. మీ మానిటర్ సెకనుకు 60 బొమ్మలు చూపే 60 హెర్ట్జ్‌దైతే 2600తో ఇంకొంతకాలం హాయిగా ఆడవచ్చు. డబ్బు చేరాక అదే బోర్డులో రైజెన్ 5 5600 పెట్టుకోవచ్చు. అయితే కొత్తదాన్ని బోర్డు గుర్తుపట్టేలా, పాత ప్రాసెసర్ తీయకముందే బయోస్ అప్‌డేట్ చేయాలి. ఆ పని యూపీఎస్ మీద, ఆకాశం తేటగా ఉన్న పూట మాత్రమే చేయండి. మధ్యలో కరెంటు పోతే బోర్డు లేవకపోవచ్చు, దానికి వారంటీ ఇస్తారన్న నమ్మకమూ లేదు.