ట్రాఫిక్ దీపాల కంట్రోలర్ చేస్తున్న అబ్బాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీవు పంపిన సర్క్యూట్‌నూ ప్రోగ్రామ్‌నూ నిదానంగా చూశాను. నాలుగు దారుల కూడలిని తీసుకుని, 8051 కుటుంబపు మైక్రోకంట్రోలర్ అయిన ఏటీ89సీ51 చిప్పుతో, ప్రోటియస్ అనే సర్క్యూట్ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో నడిపించావు. దీపాలు వరుస తప్పకుండా మారుతున్నాయి. అయితే ప్రోగ్రామ్ మొత్తం ఒక డిలే (కొంతసేపు ఊరకే ఆగడం) వెనుక మరో డిలేగా సాగింది. ఆ పద్ధతిలో దీపాలను మార్చడం తేలికే గాని, రెండు దారులకు ఒకేసారి పచ్చదీపం ఎన్నటికీ వెలగదని ఎదుటివారికి చూపించడం కష్టం. ఈ కంట్రోలర్ చేయవలసిన అసలు పని అదే కనుక, ఆ ప్రోగ్రామ్‌ను పక్కన పెట్టి కాగితంతో మళ్లీ మొదలుపెట్టమని నా సలహా.

కాగితం మీద ఒక పట్టిక గీయి. ఒక్కొక్క దారికి పచ్చ, పసుపు, ఆ తరువాత నాలుగు వైపులా ఎరుపు, ఇలా మూడు దశల చొప్పున నాలుగు దారులకు పన్నెండు వరుసలు వస్తాయి. ప్రతి వరుసలో ఏ పోర్టుకు (చిప్పులో ఎనిమిది పిన్నుల గుంపుకు) ఏ విలువ పంపాలి, ఎన్ని సెకన్లు నిలవాలి, తరువాత ఏ వరుసకు వెళ్లాలి అన్నవి మాత్రమే ఉండాలి. ప్రోగ్రామ్‌లో మరెక్కడా దీపాలను ముట్టుకోకూడదు. అప్పుడు తప్పు వెదకడానికి వందల లైన్ల కోడ్ చదవనక్కరలేదు, పన్నెండు వరుసలు చదివితే చాలు.

సెకన్లను ఊహతో వేయవద్దు. పసుపు ఎంతసేపు ఉండాలన్నది వాహన వేగాన్ని బట్టి తేలుతుంది. గంటకు 50 కిలోమీటర్లంటే సెకనుకు 13.9 మీటర్లు, డ్రైవరు తేరుకోవడానికి ఒక సెకను, బ్రేకు ఒక్కొక్క సెకనులో వేగాన్ని సెకనుకు 3 మీటర్ల చొప్పున తగ్గిస్తుందనుకుంటే ఆ 13.9ని 3కు రెట్టింపైన 6తో భాగించగా వచ్చే 2.3 సెకన్లు, వెరసి 3.3. దాన్ని 4 చెయ్యి. కూడలి వెడల్పు 20 మీటర్లు, వాహనం పొడవు 6 మీటర్లు అయితే ఆ 26 మీటర్లు దాటడానికి దాదాపు 1.9 సెకన్లు పడుతుంది కాబట్టి అన్నివైపులా ఎరుపును 2 సెకన్లు ఉంచు. పచ్చదీపం సమయం రద్దీని బట్టి నీ ఇష్టం.

టైమర్ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌తో ఒక మెషీన్ సైకిల్, అంటే టైమర్ ఒక అంకె లెక్కపెట్టే సమయం, ఒక మైక్రోసెకను. 16 బిట్ల టైమర్ 65536 దగ్గర నిండుతుంది కనుక, అందులో 15536 నింపితే 50 మిల్లీసెకన్లకు ఒక ఇంటరప్ట్ (చేస్తున్న పనిని ఆపి పిలిచే సంకేతం) వస్తుంది, ఇరవై లెక్కపెడితే ఒక సెకను. ప్రతిసారీ మళ్లీ నింపడంలో పోయే కొద్ది మైక్రోసెకన్ల కోసం బెంగపడకు. మనం చేస్తున్నది గడియారం కాదు.

ఇక దీపాల వైరింగ్ దగ్గర కొంచెం ఆగాలి. రీసెట్ అయిన క్షణంలో 8051 పోర్టులన్నీ హై స్థితిలో (5 వోల్టుల వైపు; సున్నా వైపు ఉంటే లో) ఉంటాయి. హై అంటే దీపం వెలగడం అని వైరింగ్ చేస్తే, కరెంటు ఇవ్వగానే నాలుగు పచ్చదీపాలూ ఒక్కసారి మెరుస్తాయి. నేను చదువుకునే రోజుల్లో నా బోర్డు సరిగ్గా అలాగే మెరిసింది. పరీక్షకు వచ్చిన పెద్దాయన ఆ ఒక్క మెరుపు చూసి, మిగిలినదేదీ చూడకుండా కాగితాలు మూసేశారు. అందుకని ఎల్‌ఈడీని 5 వోల్టుల వైపు నుంచి రెసిస్టర్ ద్వారా పిన్నుకు కలిపి, పిన్ను లో అయినప్పుడే వెలిగేటట్లు చెయ్యి. ఈ చిప్పులో ఒక పిన్ను 10 మిల్లీఆంపియర్లు, 1, 2, 3 నంబరు పోర్టుల్లో ఒక్కొక్కటి మొత్తం మీద 15 మిల్లీఆంపియర్లు మాత్రమే లాగగలదు. నీవు పెట్టిన 330 ఓమ్‌లతో ఒక్కొక్క దీపం సుమారు 9 లాగుతుంది, ఒకే పోర్టులో రెండు వెలిగితేనే హద్దు దాటుతుంది. ఒక కిలో ఓమ్ పెడితే ఒక్కొక్కటి 3 మాత్రమే తీసుకుంటుంది. ఏ దశలోనైనా పన్నెండు దీపాల్లో వెలిగేవి దారికొకటి చొప్పున నాలుగే కనుక మొత్తం 12 దాటదు.

సిమ్యులేషన్ విషయంలో మొదట తెలుసుకోవలసింది, ప్రోటియస్‌లో గీసిన క్రిస్టల్ బొమ్మ వేగాన్ని నిర్ణయించదు; చిప్పు ప్రాపర్టీస్‌లో రాసిన ఫ్రీక్వెన్సీయే నిర్ణయిస్తుంది. కంప్యూటరుకు భారమైతే సిమ్యులేషన్ నెమ్మదిస్తుంది కాబట్టి చేతి గడియారంతో కొలవకుండా, తెర అడుగున కనిపించే సిమ్యులేషన్ సమయాన్నే నమ్ము. తరువాత, పచ్చదీపాల తీగలను జతలుజతలుగా నార్ గేట్లకు (రెండు తీగలూ లో అయినప్పుడే హై ఇచ్చే గేట్లు) కలుపు. నాలుగు దారులకు ఆరు జతలవుతాయి. ఏ గేటు హై అయినా, అంటే రెండు పచ్చలు ఒకేసారి వెలిగినా, దాన్ని ఒక లాచ్ (వచ్చిన సంకేతాన్ని నిలిపి ఉంచే సర్క్యూట్) పట్టి ఉంచాలి, ఎందుకంటే కొన్ని మైక్రోసెకన్ల తప్పు కంటికి కనిపించదు. రెండు పోర్టులకు ఒకదాని వెంట ఒకటి రాసేటప్పుడు మధ్యలో అటువంటి సందు వస్తుంది; పచ్చకూ పచ్చకూ నడుమ అన్నివైపులా ఎరుపు ఉంటే ఆ సందు ఏ హానీ చేయదు. నిజమైన కూడళ్లలో ఈ కాపలా పనికి వేరే పరికరమే ఉంటుంది, సంఘర్షణ కనబడితే అది దీపాలను మిణుకుమిణుకుమనే స్థితికి మార్చేస్తుంది. నీ బోర్డు బల్ల మీద నేర్చుకోవడానికే గాని రోడ్డు మీద పెట్టడానికి కాదని గుర్తుంచుకో.

పాదచారుల బటన్ నొక్కగానే దశ మారకూడదు. కోరికను ఒక బిట్‌లో దాచి, అన్నివైపులా ఎరుపు వచ్చినప్పుడు మాత్రమే చూడాలి. పచ్చ ముగియడానికి ఒక సెకను ముందు నొక్కి చూడు, నొక్కి వదలకుండా పట్టి చూడు, పసుపు మధ్యలో రీసెట్ చేసి చూడు. ఈ మూడింటిలో లాచ్ ఒక్కసారి పట్టుకున్నా పట్టికకే తిరిగి వెళ్లు.

పట్టిక పూర్తి కాగానే ముందు అదొక్కటే పంపు. దాన్ని చూశాకే కోడ్ రాయడం మొదలుపెడుదువు గాని.

ఇట్లు,
బాబాయి