చైనా ‘శియాంగ్‌యున్‌షా’ పట్టు ఒకవైపు నల్లగా, మరోవైపు గోధుమరంగులో ఎందుకుంటుంది?

నల్లరంగు పూయడం వల్ల కాదు, బురద వల్ల. గ్వాంగ్‌డాంగ్‌లోని షుందె ప్రాంతపు అద్దకం ఇది. 2008లో చైనా జాతీయ వారసత్వ జాబితాకెక్కింది.

ముందు షూలియాంగ్ అనే అడవి దుంపను నలగ్గొట్టి రసం తీస్తారు. పట్టును అందులో నానబెట్టి, పచ్చిక మీద బిగించి పరిచి ఎండబెడతారు. మళ్లీ రసం, మళ్లీ ఎండ. ఇలా పదులసార్లు! ఓపిక తగ్గించి తడవలు తగ్గిస్తే టానిన్ (రసంలోని వగరు పదార్థం) చాలదు, తర్వాత నలుపు వెలవెలబోతుంది. మధ్యలో వాన పడిందా, మచ్చలే.

అసలు కిటుకు తర్వాతే. పెర్ల్ నది డెల్టా బురదను గడ్డల్లేకుండా కలిపి, గుడ్డకు ఒక్కవైపే పూస్తారు. అందులోని ఇనుము టానిన్‌తో కలిసి ఆ వైపే నల్లబడుతుంది. రెండోవైపు దుంపరసపు గోధుమరంగే మిగులుతుంది. కాసేపు ఆగి, నీళ్లలో కడిగేస్తారు. ఈ పని తెల్లవారకముందే అయిపోవాలి. ఎండ తగిలితే బురద ఎక్కడికక్కడ ఆరిపోయి నలుపు సమంగా పట్టదు. చివర్లో రాత్రి మంచుకు పరిస్తే బిరుసు తగ్గుతుంది.

శ్రీకాళహస్తి కలంకారీ నలుపుదీ ఇదే రసాయనం: కరక్కాయ టానిన్, బెల్లంనీళ్లలో ఊరిన తుప్పు ఇనుము.

కొన్నవాళ్లు చన్నీళ్లలో చేత్తోనే ఉతకాలి. పిండకూడదు, బ్రష్ వాడకూడదు. గట్టిగా మడతపెడితే ఆ గీత దగ్గర నల్లపూత చిట్లుతుంది.